కింద తాడు పట్టినోడు

జెర ఎన్కకు జరుగుండ్రి బిడ్డా, మంట మీద పడబోతున్నరు. ఏదీ, చేతులు చూపెట్టుండ్రి. వేళ్ల కొసలన్నీ గీరుకపోయినయి. గరుకు బండ గట్లనే చేస్తది. జెరంత కొబ్బరినూనె రాసుకోండ్రి, రెండు దినాలల్ల మానుతయి. మీ అమ్మ చూస్తే మాత్రం ‘మా నాయిన పిల్లలను యాడ తిప్పిండో’ అంటది. అననీయి. దాని చిన్నప్పుడు దాని మోకాళ్లు ఎట్లుంటుండెనో నాకు తెల్వదా.

పొద్దటి సంది అడుగుతున్నరు గద, ‘తాతా, నీ చిన్నప్పుడు గీ తాళ్లు, గీ హెల్మెట్లు ఉంటుండెనా’ అని. ఏం లేకుండె. గుట్ట ఉండె, మేకలు ఉండె. మా నాయిన తాడిచెట్లు గీస్తుండె, మా అవ్వ కూలికి పోతుండె, నేను మేకలెంట తిరుగుతుంటి. మేక బండెక్కిందంటే దాని ఎనక మనం ఎక్కాల్సిందే. మేకకేమో ఎక్కుడు ఎంతనో దిగుడు గంతే. మనిషికి గట్ల కాదు. ఎక్కేటప్పుడు కాలు పెట్టే జాగ కండ్ల ముంగట ఉంటది. దిగేటప్పుడు మన కడుపే అడ్డమొస్తది, కింద ఏమున్నదో కనవడది. గీ ముచ్చట మాకెవ్వరు చెప్పలేదు, మోకాళ్లు చెక్కుకపోయినంక మాకే తెలిసింది.

మేకల కోసమే ఎక్కుతుంటిమని కాదు. సీతాఫలాల దినాలల్ల సీతాఫలాల కోసం, సంక్రాంతి ముంగట రేగుపండ్ల కోసం. జారుడు బండ ఉండెనాయె, దాని మీద జారి జారి లాగులు చింపుకుంటే ఇంటికాడ వీపులు పలుగుతుండె. అన్నిటికన్న పెద్దది పందెం. ఎవడు పైకి ముందుగాల పోతడు అని. నడుమల భయమైందని దిగొచ్చినోని పని అయిపోయినట్టే. వానికో పేరు పెట్టి ఊరంత ఎక్కిరిస్తుండిరి. గందుకే భయమైనా ఎవ్వడు దిగకపోతుండె. పైకే పోతుండె.

ఒక పొద్దు గట్లనే మా జోడుగాడు ఒకడు, పేరెందుకు గాని, నిలువుబండ సగం ఎక్కి ఆగిపోయిండు. కిందికి రాడు, మీదికి పోడు. చిన్న పగులుల కాళ్లు పెట్టి బండకు అతుక్కపోయిండు. మేము కింద నుంచి నవ్వుడు, వాడు మీద నుంచి తిట్టుడు. జెరసేపటికి వాడు తిట్టుడు బంద్ చేసిండు. గప్పుడు మాకూ కాళ్లల్ల వణుకు పుట్టింది. పొద్దుమూకుతున్నది. మా నాయిన మాపటి గీతకు పోతుండె, నేను ఉరికి పోయి చెప్పిన. ఆయన ఒక్క మాట అనలేదు. మోటబాయి కాడికి పోయి మోటతాడు విప్పుకొచ్చిండు. గుట్ట ఎన్కదిక్కు నుంచి పైకి పోయిండు. అక్కడొక యాపచెట్టు ఉంటుండె, దాని మొదట్ల తాడు కట్టి, ఒక కొస నడుముకు చుట్టుకొని వాని కాడికి దిగిండు. వానిని తాడుకు కట్టి, మీదికి పోయి, చెట్టుకు తాడు రెండు చుట్లు తిప్పి మెల్లమెల్లగ కిందికి ఇడిసిండు. వాని కాలు నేల మీద పడ్డంక మా నాయిన గుట్ట దిగొచ్చి తాడు చుట్టుకొని, ‘పోండ్రిగ ఇంటికి’ అన్నడు. గంతే. తిట్టలే, కొట్టలే, నవ్వలే. ఆయన నవ్వలేదని మాకూ నవ్వబుద్ధి కాలే.

పొద్దున బండెక్కుడు నేర్పే మీ సారు బండ మీద గూటాలకు తాడు బిగించి రెండు కొసలు కిందికి ఇడుస్తుంటే నాకు గా మోటతాడే యాదికొచ్చింది. ఆయన దాన్ని టాప్ రోప్ అన్నడు. పైన పట్టు, కింద మనిషి, నడుమ పిలగాడు. మా నాయినకు గా పేరు తెల్వదు, పని మాత్రం తెలుసు.

తర్వాత నేను సుత చెట్టెక్కుడు నేర్చుకున్న. తాడిచెట్టు సంగతి మీకు తెలుసు గద, కొమ్మలుండయి, పట్టుకొనేటందుకు ఏముండది. మోకు చెట్టు సుట్టు, మన నడుము సుట్టు తిరుగుతది. కాళ్లకు గుజి. నడుముకు ముత్తాదు, దాంట్ల గీత కత్తులు. మోకు మీద బరువేసి ఎన్కకు ఒరిగితేనే చెట్టు మీద నిలవడతవు. భయపడి చెట్టుకు అతుక్కుంటివా, మోకు వదులైతది, జారుతవు. కొత్తోడెవ్వడైనా మొదలు చెట్టును కావలించుకుంటడు. పెద్దోళ్లు కింద నుంచి ‘ఒరుగు, ఒరుగు’ అని ఒర్లుతరు. బండ మీద సుత గదే లెక్క. ఒరిగిన బండ ఎక్కేటప్పుడు, అదే మీ సారు స్లాబ్ అన్నది, మీరందరు మోకాళ్ల మీద పడి బండకు పొట్ట ఆనిచ్చిండ్రి. కాళ్లు సర్రున జారినయి. ‘నిటారుగ నిలవడు, మడిమెలు కిందికి దించు, బరువు పాదాల మీద ఏయి’ అన్నడు సారు. నిలవడంగనే షూ బండను పట్టుకున్నది. రెండు చేతులు ఇడిసిపెట్టి నిలవడ్డది మన చిన్న పోరి, చూసిండ్రా? దానికి అదొక ఆట.

అయితె చెట్టుకు, గీ బండకు ఒక్క తేడా ఉన్నది. చెట్టు మీద మనం ఒక్కరమే. చీకటితోని లేచి పోతం, మళ్ల మాపున పోతం. కింద ఎవ్వరుండరు. వానకాలం తడిసిన చెట్టు జారుతది. మోకు తెగిందా, మట్ట ఇరిగిందా, అడ్డుకొనేటోడు లేడు. గీ సుట్టుపక్కల ఏ ఊరికి పోయినా చెట్టు మీద నుంచి పడి నడుము ఇరిగి మంచం పట్టిన గౌండ్లాయన ఒకడుంటడు. లేదంటే ఆయన ఫోటోకు దండ ఉంటది. మా చిన్నాయన గట్లనే పోయిండు. మేము ఎల్లమ్మకు, కాటమయ్యకు మొక్కి చెట్టెక్కుడు ఊకెనే కాదు బిడ్డా.

గందుకనే పొద్దున మీ సారు చేసిన మొదటి పనికి నేను నోరు తెరిచిన. ఎక్కుడు నేర్పుతడనుకుంటే, ఆయన పడుడు నేర్పిండు! ఒక్కొక్కలను మనిషెత్తు ఎక్కించి, ‘ఇగ చేతులు ఇడిసెయ్యి’ అన్నడు. మీరు ఇడవరు. బతిమిలాడినా ఇడవరు. ఆఖరుకు పెద్దోడు కండ్లు మూసుకొని ఇడిసిండు. తాడు జెరంత సాగింది, గాలిల కూసున్నడు. ఇగ చూడాలె, అందరు ‘నేను పడుత, నేను పడుత’ అని లొల్లి. మా పనిల పడుడు అంటే ఒక్కసారే, దాని తర్వాత ముచ్చట ఉండది. మీరేమో వరుసల నిలవడి పడుతున్నరు.

పెద్దలంత అనుకుంటరు, పిల్లలకు ధైర్యం చెప్పాలె అని. ధైర్యం చెప్పుడు ఎందుకు? తాడు ఆపుతదని ఒక్కసారి ఒంటికి తెలిస్తే చాలు. మీ నాయిన మంచోడే గాని, కింద నిలవడి ‘ఇంకో అడుగు, ఇంకొక్క అడుగు, నీతోని అయితది’ అని ఒక్కటే ఒర్లుడు. మీదున్న పోరని మూతి వంకర పోయింది. వానికి సారు మాట వినాల్నా, నాయిన మాట వినాల్నా? గప్పుడు సారు మెల్లగ వచ్చి, ‘అన్నా, తాడు పట్టినోడు ఒక్కడే మాట్లాడాలె’ అన్నడు. నాకు గా పిలగాని మీద మస్తు ఇష్టం పుట్టింది. మీ నాయినను నేనే పక్కకు పిలిచి ఉల్లిగడ్డలు కోసేటందుకు కూసోబెట్టిన. పోరడు ఇంకో రెండు నిమిషాలు గాలి పీల్చుకొని, ‘దించు సార్’ అన్నడు. సారు ‘సరే’ అని దించిండు. ఎవ్వరు నవ్వలే, పేరు పెట్టలే. వాడు నీళ్లు తాగి, తొండల ఎనక ఉరికిండు. మధ్యాహ్నం రొట్టె తిన్నంక వాడే వచ్చి ‘నా వంతు ఎప్పుడు’ అన్నడు. మా దినాలల్ల గా ‘దించు’ అనే మాటనే లేకుండె. అననిచ్చినోడు లేకుండె.

కోట ముచ్చట చెప్పమంటిరి గద. చెప్త. మన భువనగిరి గుట్ట ఐదువందల అడుగుల పైన ఉంటది, అంతా ఒక్కటే బండ. దూరం నుంచి చూస్తే నున్నగ గుడ్డు తీరుగ కనవడతది. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడనే బిరుదున్నాయన, దాని మీద కోట కట్టిచ్చిండు. నాకు గా రాజు మీద అంత ధ్యాస లేదు గాని, నాకు ఇష్టమైనోడు సర్వాయి పాపన్న. మా గౌండ్లోళ్ల పిలగాడు. 1708ల వరంగల్ మీద పడ్డడు, అదే ఏడు భువనగిరి మీద పడ్డడు. మొగలాయి ఫౌజులకు ఏండ్లకేండ్లు నిద్ర లేకుండ చేసిండు. కథ చెప్పేటోళ్లు ఆయనకు ఎన్నో మహిమలు కట్టిండ్రు. నేననేది ఒక్కటే, దినాం రెండు పూటల తాడిచెట్టెక్కే కులంల పుట్టినోడు కోటగోడను చూసి ఎందుకు భయపడతడు?

గదే బండ మీద మన కండ్ల ముంగటనే ఇంకో పిల్ల తయారైంది. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడోళ్ల పిల్ల, అమ్మనాయినలు కైకిలి చేసుకొనేటోళ్లు. సాంఘిక సంక్షేమ గురుకులంల చదువుకుంటుంటే భువనగిరికి తోలుకొచ్చి శేఖర్‌బాబు సారు బండెక్కుడు నేర్పిండు. ఖమ్మం దిక్కు పిలగాడు ఆనంద్‌కుమార్ సుత గట్లనే నేర్చుకున్నడు. తర్వాత డార్జిలింగు, లడఖు. 2014 మే 25న ఇద్దరు ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు గప్పుడు పదమూడేండ్ల పదకొండు నెలలు. నేపాల్ దిక్కు నుంచి గంత చిన్నోళ్లను ఎక్కనియ్యరని టిబెట్ దిక్కు నుంచి పోయిండ్రు. ఆ పిల్ల మీద సినిమా సుత తీసిండ్రు.

మంచిదే, నాకూ గర్వమే. గాని దాని తర్వాత ఒక బీమారి మొదలైంది. గుట్ట కాడికి వచ్చే ప్రతి తల్లిదండ్రికి తమ పిల్ల పూర్ణ కావాలె. ఫోన్లు పట్టుకొని వీడియోలు, ‘నువ్వెప్పుడు ఎక్కుతవే ఎవరెస్టు’ అని అడుగుడు. అరే, పూర్ణ పోయింది ఒక పని మీద. మీరొచ్చింది సెలవుకు. రెండూ ఒక్కటెట్ల అయితయి? పొద్దంత మీరు ఎక్కింది ఎంతసేపు చెప్పుండ్రి? రెండే తాళ్లు, ఇంతమంది పిల్లలు. ఒక్కొక్కరు బండ మీద ఉన్నది జెరసేపే. మిగిలిన పొద్దంత ఏం చేసిండ్రు? రేగుపండ్లు ఏరుకున్నరు. దొనల నీళ్లు ఉంటే దాంట్ల ఏమేం ఉన్నయో కట్టెపుల్లతోని కెలికిండ్రు. ఎత్తు తక్కువ గుండు కింద పరుపేసుకొని ఎక్కుడు దుంకుడు. మా జారుడు బండను సుత మీరే కనిపెట్టినట్టు మురిసిండ్రు. గదే నాకు నచ్చింది. తాడు కాడ వంతు కోసం కాచుకుంట కూసుంటే అది ఇంకో ట్యూషన్ అయితుండె.

చిన్నదానికి ఒళ్లంత పట్టే హార్నెస్ ఎందుకేసిండ్రని మీ అమ్మమ్మ అడిగింది. దానికి నడుమేది? అంతా పొట్టనే. పెద్దోళ్ల తీరుగ నడుముకు కడితే, తల్లకిందులైనప్పుడు పట్టీల నుంచి జారిపోతది. గందుకే భుజాల మీద నుంచి సుత పట్టీలు. నాకు తెల్వక అడిగితే సారు చెప్పిండు.

నేను అక్కడ చేసిన పని ఒక్కటే, గది సుత కండ్లతోని. సారు మొదలు తాడు వేస్తామన్న బండ పొద్దుపొడుపు దిక్కుంటది. నేను తలెత్తి చూస్తే బండ కడుపు కింద పెద్ద తేనెతుట్టె, నల్లగ, గంపంత. పెద్ద తేనెటీగలు ఊకెనే ఏమనయి, గాని లేచినయంటే ఊరు దాక తరుముతయి. లొల్లి చేయొద్దు, పొగ పెట్టొద్దు, సెంటు పూసుకొని దగ్గరికి పోవద్దు. సారు మారుమాట చెప్పకుండ తాళ్లన్నీ విప్పి ఇటుదిక్కు బండకు తెచ్చిండు. తెలిసినోడు గట్లనే ఉంటడు. అగో, గా రాళ్లు తిరగేసుడు మాత్రం మళ్ల చేయకుండ్రి. చలి దినాలల్ల తేళ్లు గక్కడనే ముడుచుకొని ఉంటయి.

సారు బండను వేళ్ల మడతలతోని తట్టి చెవి పెట్టి విన్నది చూసిండ్రా? గట్టి బండ ఒక తీరుగ మోగుతది, డొల్ల పొర ఇంకో తీరుగ. డొల్లగ మోగినకాడ చెయ్యి వేయొద్దు, ఊడొస్తది. మా ఊరి వడ్డెరోళ్లు గట్లనే తట్టి చూస్తుండిరి. మన బండ ఉల్లిగడ్డ తీరుగ పొరలు పొరలుగ లేస్తది. వడ్డెరోళ్లు దాని మీద మంట పెట్టి, పొర వేడికి ఉబ్బి లేచేదాక కాచుకొని, గడ్డపారతోని ఎత్తుతుండిరి. గడప బండలు, కడీలు, పశువుల కుడితి తొట్లు అన్నీ వాళ్ల చేతివే. గందుకే చెప్తున్న, బండ మీద చలిమంట వేయొద్దు. మంటతోని పైపొర చిట్లుతది, ఇయ్యాల కాకుంటే ఎప్పుడన్న ఒకని చేతుల ఊడొస్తది. గిట్ల మట్టి వాకిట్ల వేసుకుంటే ఏం బాధ లేదు.

గీ బండలు పుట్టి రెండువందల యాభై కోట్ల ఏండ్లట. భూమి లోపల కుతకుత ఉడికి, గక్కడనే మెల్లగ గట్టివడ్డయట. పగుళ్లల్ల నీళ్లు దిగి మూలలు తినుకుంట పోతే గుండ్రంగైనయట, పైనున్న మట్టి కొట్టుకపోతే గిట్ల బయటపడ్డయట. గుండు మీద గుండు ఎవ్వరు పేర్చలే. మేమైతే భీముడు పేర్చిండనుకుంటుంటిమి. గంతకాలం నిలిచినదాన్ని క్రషరోళ్లు ఏడాదిల కంకర చేస్తున్నరు. హైదరాబాదుల మీరుండే దిక్కు ఒకప్పుడు అంతా గుండ్లే. నేను కల్లు కుండలు తీసుకొని షేక్‌పేట దిక్కు పోయినప్పుడు చూసిన. ఇప్పుడు గా గుండ్ల జాగల అద్దాల మేడలు. కొంతమంది పట్టుబట్టి 1996ల బండలను కాపాడేటందుకు ఒక సొసైటీనే పెట్టుకున్నరు, గందుకే కొన్నన్న మిగిలినయి. సెంట్రల్ యూనివర్సిటీల పుట్టగొడుగు బండ ఉన్నదట, మీ నాయినను చూపెట్టమనుండ్రి. చూసేటందుకే. ఎక్కేటందుకు కాదు.

ఇగ మీ అక్క సంగతి చెప్పాలె. అదేందో మూలకు జరిగి విననట్టు కూసున్నది. గిది సిటీ పిల్ల కాదు, నా దగ్గరనే ఉండి చదువుకుంటున్నది, భువనగిరిల సెలవులల్ల బండెక్కుడు నేర్చుకున్నది. 2024 జూలైల సర్కారు రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడల మొదలుపెట్టి గీతోళ్లకు కాటమయ్య పేరు మీద రక్షణ కిట్లు ఇస్తున్నది. బండెక్కేటోళ్ల తీరుగ హార్నెసు, తాళ్లు. మా ఊళ్లె నేర్పేటందుకు పిలగాండ్లొచ్చినప్పుడు నేను సుత పోయిన. చెట్టెక్కుడు ఇడిసిన గాని చూసేటందుకు ఏం రోగం. ముసలోళ్లంత ఒక్కటే గులుగుడు, ‘మా తాతలు మోకుతోని ఎక్కలేదా, గీ గుర్రం జీను మాకెందుకు’ అని. ఎవ్వరు ముంగటికి రారు. ఆఖరుకు నేనే లేచి ధోతి మీదనే తొడుక్కున్న.

ఎక్కడుండెనో గీ పిల్ల, బడి సంచితోని వచ్చి నిలవడ్డది. ‘తాతా, ఎన్కకు తిరుగు’ అన్నది. తిరిగిన. ‘కాలు పట్టీ మెలివడ్డది, విప్పు.’ విప్పిన. ‘ధోతి కుచ్చెళ్లు పట్టీ లోపల ఇరుక్కున్నయి, తీసి గోచి పెట్టు.’ నలుగుట్ల ఇజ్జత్ పోయినా పెట్టిన. నా నడుముకు, పట్టీకి నడుమ చెయ్యి దూర్చి, బిగించి, ఒక గుంజు గుంజి చూసి ‘ఇప్పుడు సరే’ అన్నది. నేర్పేటందుకు వచ్చిన పిలగాడు నవ్వి, ‘చెల్లే, మిగిలినోళ్లను సుత నువ్వే చెక్ చెయ్యి’ అన్నడు. ఇగ చూడాలె, మీసాలున్న గౌండ్లోళ్లంత దాని ముంగట వరుసల చేతులెత్తి నిలవడ్డరు. ఒక ముసలాయన, నా ఈడోడే, ‘బిడ్డా, గిది తొడుక్కుంటే చెట్టు మీదనే ఒక బింకి కల్లు తాగి దిగొచ్చునా?’ అని అడిగిండు.

‘కింద తాగితే నీ ఇష్టం తాతా. మీద తాగుతనంటే నేను పట్టీ చూడ’ అన్నది.

గా దినం సంది మా కల్లు మండువ కాడ దాని పేరు ఇన్‌స్పెక్టరమ్మ. కావాలంటే అడుగుండ్రి, గీడనే ఉన్నది.